నాలుగో నంబరు గర్భాలయం

తుమ్మెదకొండ మీద పర్యాటక సంస్థ వారి అతిథి గృహానికి కూర్మనాథం మేనేజరు. దసరా సెలవులు దగ్గర పడుతున్నాయంటే ఆయనకు కాలూ చెయ్యీ ఆడదు. మైదానంలో ఉక్కపోతకు ఉడికిపోయిన జనం బళ్ళకు సెలవులిచ్చీ ఇవ్వగానే కొండెక్కేస్తారు. వాళ్ళొచ్చేలోగా రగ్గులన్నీ డాబా మీద ఎండబెట్టించాలి. ఏడాదంతా అలిగి కూర్చున్న గీజర్లను బతిమాలి పని చేయించాలి. కిటికీలోంచి చెయ్యి పెట్టి సబ్బులెత్తుకుపోయే కోతులకు ఏదో ఒక దారి చూడాలి. ఇక వంటమనిషి గవరమ్మ చేత ఓ పెద్ద జాడీడు అల్లం పచ్చడి పెట్టిస్తే సగం సీజను గట్టెక్కినట్టే. సీజనుకు సిద్ధం కావడమంటే కూర్మనాథానికి తెలిసింది ఇదే, ఇన్నేళ్ళుగా దానికేమీ లోటు రాలేదు.

ఈ ఏడు ఆ పనిని సంస్థ కేంద్ర కార్యాలయం తన చేతుల్లోకి తీసుకుంది.

కారణం చిన్నదే. కిందటి సీజనులో ఎవరో అతిథి, ఏ ఊళ్ళోనో, దిండు గలీబు మార్చమని అడిగి అడిగి విసిగిపోయి, 'ఇక్కడ మమ్మల్ని మనుషుల్లా చూడటం లేదు' అని ఫిర్యాదు రాసి పోయాడు. ఆ కాగితం ఒక్కో బల్లా ఎక్కుతూ పోయి చివరికి పాలకమండలి ముందుకొచ్చింది. మండలి పొద్దున మొదలుపెట్టి సాయంత్రం టీల దాకా చర్చించింది. మనుషుల్లా చూడటమంటే ఏమిటో సభ్యుల్లో ఎవరికీ స్పష్టంగా అంతుపట్టలేదు. అంతకంటే పై మెట్టు ఏదైనా ఉంటే ఏకంగా అక్కడికే ఎక్కించేస్తే గొడవ వదులుతుంది కదా అని ఒక సభ్యుడు సూచించారు. అందరూ బల్లలు చరిచారు. ఉత్తర్వు ఇలా వెలువడింది:

"ఇకమీదట అతిథులను మనుషులుగా చూడవలసిన అవసరము లేదు. సాక్షాత్తు దైవముగా చూడవలెను. సదరు దైవసమాన సేవా విధానమును మొదటి విడతగా తుమ్మెదకొండ యందు అమలుపరచవలెను."

దేవుణ్ణి చూసుకోవాలంటే అందులో అనుభవం ఉన్నవాళ్ళు కావాలి. అందుకని జీవితమంతా గుళ్ళలో కార్యనిర్వహణాధికారిగా చేసి రిటైరైన విఠలేశ్వరరావు గారిని ప్రత్యేకాధికారిగా వేసి కొండకు పంపారు. ఆయన జీపు దిగుతూనే డాబా మీది రగ్గుల వంక చూసి, అవేమిటని అడిగారు.

"రగ్గులండి. ఎండబెడుతున్నామండి, కొండమీద చలి కదా," అన్నాడు కూర్మనాథం.

"దేవుడికి చలేమిటయ్యా? దించేయించండి," అన్నారు ఆయన. తరవాత చంకలోని సంచీ తట్టి చూపించారు. "కూర్మనాథం గారూ, ఇందులో ఒక ఫైలున్నది. తుమ్మెదకొండ అతిథి గృహ సిబ్బందిని తొలగించి గృహమును కాంట్రాక్టరునకు అప్పగించుట అను విషయమై. ఈ సీజనులో మా విధానము విజయవంతమైనచో ఈ ఫైలు సంచీలోనే ఉండును. కానిచో బయటకు వచ్చును. గమనించగలరు."

కూర్మనాథం గమనించాడు. ఆ ఇంటినే నమ్ముకుని బతుకుతున్నవాళ్ళు తనతో కలిపి చెయ్యివేళ్ళకు మించే ఉన్నారు. అందరూ కొండకింది పల్లెలవాళ్ళు, ఇంకో పని దొరికే వయసు దాటిపోయినవాళ్ళు. గవరమ్మైతే మొగుడు పోయిన నెలలోనే పొయ్యి ముందుకొచ్చి కూర్చున్న మనిషి. కాంట్రాక్టరొస్తే మొదట చల్లారేది ఆ పొయ్యే.

మర్నాడు భోజనాల హాల్లో శిక్షణ తరగతి. సిబ్బంది అంతా చాపల మీద కూర్చుంటే విఠలేశ్వరరావు గారు కుర్చీలో కూర్చుని విధానాన్ని వివరించారు. అతిథికి షోడశోపచారాలూ జరగాలి. పూర్ణకుంభంతో స్వాగతం, తెల్లారకముందే సన్నాయితో మేలుకొలుపు, అభిషేకం, అలంకారం, ధూపదీప నైవేద్యాలు, రాత్రికి పవళింపు సేవ. గదిని గది అనకూడదు, గర్భాలయం అనాలి. గర్భాలయం ఒక్క పూటైనా ఖాళీగా ఉండకూడదు, ఉంటే సంచీలోని ఫైలు కదులుతుంది.

"మరి గంట కొట్టి పిలిస్తేనండి?" అని అడిగాడు కూర్మనాథం. గదుల్లో కాలింగు బెల్లులున్నాయి.

"దేవుడు గంట కొట్టుట ఎచ్చటనైనా చూచితిరా? గంట మనము కొట్టవలెను. బెల్లులు పీకించండి."

"ఏదైనా కావాలని అడిగితేనండి?"

"దేవుడు అడగడు. అడిగినను మనకు వినిపించరాదు. వినిపించినచో మహిమగా నమోదు చేయవలెను."

గవరమ్మ వెనకనుంచి లేచింది. "బాబూ, వంట సంగతి సెప్పండి. నైవేద్దెం అన్నారు. ఎంతమందికి ఒండాల?"

"పులిహోర, చక్కెర పొంగలి, గారెలు, దధ్యోజనం. ఘనంగా వండవలెను. పళ్ళెం తీసుకెళ్ళి స్వామి ఎదుట పెట్టవలెను. తెర వేయవలెను. గంట కొట్టవలెను. తెర తీసి పళ్ళెం వెనుకకు తేవలెను."

"ఎనక్కి తెచ్చీడమేటి? ఆళ్ళేటి తింతారు మరి?"

"దేవుడు దృష్టితో ఆరగించును," అన్నారు విఠలేశ్వరరావు గారు చిరునవ్వుతో. "నా సర్వీసు మొత్తం మీద ఏ ఒక్క దేవుడూ గిన్నె ఖాళీ చేసి పంపలేదమ్మా. ఒక్క మెతుకు తగ్గలేదు. ఆడిటు వారు సైతం మెచ్చుకున్నారు."

"తిండి సూపించి ఎత్తుకుపోడం నా వల్ల కాదు బాబు," అంది గవరమ్మ. "మా ఈధి కుక్కకైనా నాను అలాగ సెయ్యను."

విఠలేశ్వరరావు గారు సంచీ మీద చెయ్యి వేశారు. కూర్మనాథం గవరమ్మ చీరచెంగు లాగి కూర్చోబెట్టాడు.

సెలవులిచ్చిన రోజునే మొదటి దైవం కొండెక్కింది. భీమవరం దగ్గర ఏదో ఊళ్ళో లెక్కల మాస్టారుగా చేస్తున్న తాడినాడ భాస్కరం గారూ, ఆయన భార్య రాజ్యలక్ష్మి గారూ. పెళ్ళైన కొత్తలో వెళదామనుకున్న కొండకు, పిల్లల చదువులూ ట్యూషన్లూ అన్నీ ఒడ్డెక్కాక ఇప్పటికి రాగలిగారు. గుమ్మంలో సన్నాయి మోగింది. పూర్ణకుంభం ఎదురొచ్చింది. పళ్ళెంలో కాళ్ళు పెట్టించి కడిగారు. మెళ్ళో బంతిపూల దండలు వేశారు.

మాస్టారు ఉబ్బితబ్బిబ్బయిపోయారు. "చూశావా రాజ్యం! గవర్నమెంటోళ్ళని ఊరికే ఆడిపోసుకుంటామండి మనం. మా మావగారు కూడా పెళ్ళిలో ఇంత మర్యాద చెయ్యలేదండి మేనేజరు గారూ!" అన్నారు.

"మా నాన్నగారి ఊసెందుకండీ ఇప్పుడు," అన్నారు ఆవిడ, కానీ ఆవిడ మొహమూ వెలిగిపోతూనే ఉంది. కూర్మనాథం మాత్రం వాళ్ళ వంక చూడలేక గోడమీది క్యాలెండరు వంక చూశాడు.

వాళ్ళను నాలుగో నంబరు గర్భాలయంలో ప్రతిష్ఠించారు. మంచాన్ని పీఠమన్నారు. బయట చెప్పులు విడువవలెనని బోర్డు వేలాడదీశారు.

కొండమీద తెల్లవారుజామున చలి ఎముకలు కొరికేస్తుంది. ఆ చలిలో సన్నాయి మోగింది, తలుపులు తెరుచుకున్నాయి, నలుగురు మనుషులు బిందెలతో లోపలికొచ్చి మాస్టారిని పీఠం మీదనే కూర్చోబెట్టి పాలూ, పెరుగూ, తేనే, పసుపునీళ్ళూ వరసగా పోశారు. మొదటి బిందెకే ఆయన కెవ్వుమన్నారు. విఠలేశ్వరరావు గారు పక్కనున్న గుమాస్తాకు, "స్వామివారు శబ్దము చేసిరి, రాసుకో," అని చెప్పారు. ఆవిడకు పసుపుకుంకాలతో సరిపెట్టారు.

తరవాత నైవేద్యం వచ్చింది. ఇంగువ తిరగమోతతో ఘుమఘుమలాడుతున్న పులిహోర, నెయ్యి కారుతున్న పొంగలి, వేడివేడి గారెలు. వణుకుతున్న మాస్టారికి ప్రాణం లేచొచ్చింది. చెయ్యి చాచారు. ఆ చెయ్యికీ గారెకీ మధ్య తెర పడింది, గంట మోగింది, తెర లేచింది. పళ్ళెం లేదు.

"అదేంటండి బాబూ! ఏదండి గారె?" అన్నారు మాస్టారు.

"స్వామి ఆరగించారు," అన్నారు విఠలేశ్వరరావు గారు, రెండు చేతులూ జోడించి.

"నేనా? ఎప్పుడండీ?"

ఆ గారెలు ఆఫీసు గదిలో విఠలేశ్వరరావు గారి అరిటాకులో తేలాయి. నైవేద్యమైన పదార్థాన్ని వృథా చేయడం దోషమట. మొదటి వాయి ఆయన పుచ్చుకున్నాక మిగిలింది కౌంటరులో ప్రసాదంగా అమ్మకానికి పెట్టారు. మధ్యాహ్నం మాస్టారు చొక్కా తొడుక్కుని ఆ కౌంటరు దాకా వచ్చేశారు గానీ, మూలవిరాట్టు వరసలో నిలబడటం ఎక్కడా లేదని చెప్పి సాష్టాంగపడి మరీ వెనక్కి పంపేశారు.

ఆ సాయంత్రం కూర్మనాథం వంటింట్లోకి వెళ్ళి గుమ్మం పక్కన కూలబడ్డాడు. ఆకలితో ఉన్న మనిషిని చూస్తే ఆయన చిన్నప్పటినుంచీ ఊరుకోలేడు. అర్ధరాత్రి బస్సు దిగినవాడికైనా ఏదో ఒకటి పెట్టకుండా పడుకోనిచ్చిన మనిషి కాదు. "గవరమ్మా, పెట్టకపోతే ఆ మనిషి పడిపోతాడు. పెట్టినట్టు తెలిస్తే మనందరం పడిపోతాం. ఏటి చెయ్యాల?" అన్నాడు.

గవరమ్మ లేచింది. హారతి పళ్ళెం తీసింది. పళ్ళెం నిండా ఇడ్లీలు పేర్చింది. మీద అరిటాకు కప్పి, అరిటాకు మీద బంతిపూలు పరిచి, మధ్యలో కర్పూరం వెలిగించి ఆయన చేతికిచ్చింది. అప్పటినుంచి రోజూ సాయంత్రం హారతికి మేనేజరుగారే వెళ్ళేవాడు. తలుపులు మూసి ఏకాంతసేవ అనేవాడు. లోపల దేవుడూ దేవతా చప్పుడు కాకుండా నమిలేవాళ్ళు. విఠలేశ్వరరావు గారు కూర్మనాథం భక్తిని చూసి ముచ్చటపడిపోయారు.

ఇంతలో ఈ సంగతి కొండంతా పాకింది. గదుల కోసం వచ్చినవాళ్ళు గదులు అడగడం మానేసి దర్శనం అడగడం మొదలుపెట్టారు. విఠలేశ్వరరావు గారికి చేతినిండా పని దొరికింది. ఒకటో నంబరు గదిలో చెప్పుల స్టాండు వచ్చింది. రెండోది ప్రసాదాలకు, మూడోది ప్రముఖుల విశ్రాంతికి. మేడ మీదవన్నీ వరసకట్టే కంపార్టుమెంట్లు. మంచాలన్నీ విప్పి ఆ చెక్కతోనే వరసలకు అడ్డకర్రలు కట్టించారు.

"అయ్యా, ఇదుగో, పిల్లాజెల్లాతో వచ్చారు, గది కావాలంటున్నారు," అని కూర్మనాథం ఓ కుటుంబాన్ని వెంటబెట్టుకుని వెళితే ఆయన విసుక్కున్నారు.

"దేవుళ్ళు ఎక్కువైనచో భక్తుల దృష్టి చెదురును. దర్శనం చేయించి పంపండి. సీజను ఇంత రద్దీగా ఎన్నడైనా ఉన్నదా కూర్మనాథం గారూ?"

నిజమే, ఎన్నడూ లేదు. జనం కిటకిటలాడుతున్నారు. పడుకోవడానికి మాత్రం ఒక్కరికీ చోటు లేదు. కేంద్ర కార్యాలయం నుంచి అభినందన వచ్చింది.

భక్తులకూ మాస్టారు బాగా కుదిరారు. ఇంటరు తప్పిన కుర్రాణ్ణి వాళ్ళ నాన్న తెచ్చి మాస్టారి కాళ్ళమీద పడేశాడు. మాస్టారు అలవాటు కొద్దీ, "ఏ పేపరు పోయిందిరా? రోజూ పది లెక్కలు చెయ్యి, చూడకుండా చెయ్యి," అన్నారు. కుర్రాడి తండ్రికి కళ్ళనీళ్ళు తిరిగాయి. మర్నాటినుంచి వరస కొండమలుపు దాకా పెరిగింది.

సెలవులు అయిపోవచ్చాయి. హారతి సమయంలో మాస్టారు ఇడ్లీ మింగి కూర్మనాథం చెయ్యి పట్టుకున్నారు.

"ఏవండీ, పండగెళ్ళగానే బడి తెరుస్తారండి. పిల్లలకి పరీక్షలున్నాయి. మమ్మల్ని పంపించెయ్యండి బాబూ, మీకు పుణ్యముంటుంది. ఈవిడకి జలుబు తగ్గటం లేదు."

"నేనేం కోరుకున్నానండి?" అన్నారు రాజ్యలక్ష్మి గారు, ముక్కు తుడుచుకుంటూ. "ఓ కిటికీ పక్కన కూచుని, ఇద్దరం కాస్త వేడి కాఫీ తాగుదామనుకున్నానంతే."

కూర్మనాథం పళ్ళెం కింద పెట్టాడు. తిన్నగా ప్రత్యేకాధికారి దగ్గరకెళ్ళాడు. నాలుగో నంబరువాళ్ళు గది ఖాళీ చేస్తామంటున్నారని చెప్పాడు.

విఠలేశ్వరరావు గారు కళ్ళజోడు తీశారు. "ఖాళీ చేయుటయా? ప్రతిష్ఠ అయిన మూర్తిని కదుపుట కుదరదు. ఉద్వాసన చెప్పవలెనన్నచో పాలకమండలి తీర్మానము, నిపుణుల సంఘము, సంప్రోక్షణ కావలెను. వచ్చే సీజను నాటికి ప్రతిపాదన పంపుదుము. అంతవరకు గర్భాలయము ఖాళీ అయినచో..." అని సంచీ వంక చూశారు.

కూర్మనాథం వరండాలోకొచ్చి ఆలోచించాడు. మాస్టారిని పంపితే గవరమ్మ పొయ్యి పోతుంది. పంపకపోతే మాస్టారే పోయేలా ఉన్నారు. ఎంత బుర్ర బద్దలు కొట్టుకున్నా తెగలేదు. అప్పుడు కింద వీధిలో దసరా వేషాలవాళ్ళు డప్పు కొట్టుకుంటూ పోయారు. ఆ డప్పు వింటుంటే ఆయనకు ఒక సంగతి తట్టింది. గుడి దాటని దేవుడు కూడా ఏడాదికోసారి వీధిలోకొస్తాడు.

మళ్ళీ లోపలికెళ్ళి చేతులు కట్టుకున్నాడు. "అయ్యా, విజయదశమి కదా. స్వామివారికి గ్రామోత్సవం జరిపిస్తే బాగుంటుందేమోనండి. జమ్మిచెట్టు బస్టాండు పక్కనే ఉంది. సాయంత్రం పూజ చేయించి తెచ్చేద్దామండి."

విఠలేశ్వరరావు గారి మొహం వికసించింది. "భేష్! విధానము మీ రక్తములోనికి ఇంకినది," అని అప్పటికప్పుడు పల్లకికి ఉత్తర్వు రాశారు.

విజయదశమి సాయంత్రం పల్లకి బయల్దేరింది. దంపతులిద్దరూ పట్టుబట్టల్లో కూర్చున్నారు. పల్లకి పరుపు కింద వాళ్ళ సూటుకేసులు సర్దిపెట్టించాడు కూర్మనాథం. సన్నాయీ, డప్పులూ, ముందు గొడుగు పట్టుకుని విఠలేశ్వరరావు గారూ. బస్టాండులో భీమవరం మీదుగా పోయే బస్సు ఇంజను వేసి ఉంది. జమ్మిచెట్టు కింద జనమంతా ఆకు కోసం ఎగబడ్డారు, టపాకాయలు పేలాయి, పొగ కమ్ముకుంది. పొగ విడేసరికి బస్సు మలుపు తిరుగుతోంది. వెనక కిటికీలోంచి బంతిపూల దండ పట్టుకున్న చెయ్యొకటి ఊగింది. కూర్మనాథం కడుపు చల్లబడింది.

విఠలేశ్వరరావు గారు పల్లకిలోకి చూసి కొయ్యబారిపోయారు. "స్వామి ఏరీ?"

"అంతర్ధానమయ్యారండి," అన్నాడు కూర్మనాథం.

"రాసుకో," అన్నారు ఆయన గుమాస్తాతో, అలవాటు కొద్దీ. మరుక్షణం మొహం పాలిపోయింది. "కూర్మనాథం గారూ! గర్భాలయం ఖాళీ! రేపు కేంద్ర కార్యాలయము వారు దర్శనమునకు వచ్చుచున్నారు. వారికి ఏమి చూపవలెను? నా విధానము! నా పేరు!"

జనం అప్పుడే జమ్మి ఆకులు పట్టుకుని పల్లకి చుట్టూ మూగుతున్నారు. కూర్మనాథం ఆయన్ని ఎగాదిగా చూశాడు. పట్టుపంచె, నిండుగా ఒళ్ళు, నుదుట బొట్టు. వారం రోజుల నైవేద్యాలతో మొహం నిగనిగలాడుతోంది.

"తమరుండగా ఖాళీ ఏటండి?" అన్నాడు.

విఠలేశ్వరరావు గారు వద్దంటూనే జనం వంక చూశారు. అన్నేళ్ళు గర్భాలయం గడప బయట గొడుగుతో నిలబడిన మనిషి. వందలాది చేతులు పల్లకి వైపు జోడించి ఉన్నాయి. "విధి నిర్వహణలో భాగముగా మాత్రమే," అని పల్లకి ఎక్కారు.

మర్నాడు తెల్లారకముందే సన్నాయి మోగింది. నలుగురూ బిందెలతో లోపలికెళ్ళారు. నాలుగో నంబరులోంచి వినిపించిన కేక కొండమలుపు దాకా వెళ్ళింది. గుమాస్తా రాసుకున్నాడు.

నైవేద్యం గవరమ్మే స్వయంగా తీసుకెళ్ళింది. ఆ రోజు గారెలు మరీ శ్రద్ధగా వేసింది. ఆయన ఎదుట పెట్టి తెర వేసింది, గంట కొట్టింది, పళ్ళెం ఎత్తుకొచ్చేసింది.

"ఏమే! నేను ప్రత్యేకాధికారిని!"

"తమరే సెప్పినారు గదా బాబు. దేవుడు మాటాడితే మనకి ఇనపడకూడదంట," అంది గవరమ్మ, గోడవైపు తిరిగి.

కేంద్ర కార్యాలయం వాళ్ళు వచ్చారు. దర్శనం చేసుకున్నారు. పీఠం మీద కూర్చున్నాయన, "అయ్యా, నేను, విఠలేశ్వరరావుని, ఆకలి," అని చేతులు చాపుతుంటే, ఇంత జీవకళ ఉన్న మూర్తిని ఎక్కడా చూడలేదని ఆనందపడి, హుండీలో నోట్లు వేసి వెళ్ళారు. ఆయన మధ్యాహ్నానికి ఓ చీటీ రాసి కూర్మనాథానికిచ్చారు. దేవుడి దగ్గర అర్జీ తీసుకునే పద్ధతి ఎక్కడా లేదని గుమాస్తా అడ్డుపడ్డాడు. చివరికి ఆ చీటీ కూడా హుండీలో పడింది.

సాయంత్రం కూర్మనాథం గుమ్మంలోంచి తొంగి చూశాడు. విఠలేశ్వరరావు గారు తడి పంచెతో ముడుచుకుని, పీఠం మీద రాలిన బంతిరేకు ఒకటి తీసి నోట్లో వేసుకుంటున్నారు. చూడగానే కూర్మనాథానికి ఆయన ఫైలూ గుర్తు రాలేదు, సంచీ గుర్తు రాలేదు. జాలేసింది, అంతే.

"పెట్టెయ్ గవరమ్మా," అన్నాడు వంటింట్లోకొచ్చి.

"ఇంకొక్క పూట ఉండనీండి బాబు. మాస్టారినెంత ఏడిపించినాడు."

"చూడలేకపోతన్నాను. పెట్టెయ్."

గవరమ్మ గొణుక్కుంటూనే లేచింది. అన్నం, పప్పు, అల్లం పచ్చడి, గారెలు. తెర లేదు, గంట లేదు. డాబా గదిలోంచి ఓ రగ్గు తెచ్చి భుజాలమీద కప్పాడు కూర్మనాథం. ఆయన వంచిన తల ఎత్తకుండా తిన్నారు. రెండోసారి అన్నం పెట్టించుకున్నాక కళ్ళు తుడుచుకున్నారు.

"ఇది విధానమునకు పూర్తిగా విరుద్ధము," అన్నారు. ఖాళీ పళ్ళెం వంక చూసి, "ఇంకో రెండు గారెలు వేయమనవయ్యా," అన్నారు.

తిన్నాక సంచీ తెప్పించుకుని, కాంట్రాక్టరు ఫైలు తీసి, దానిమీద 'తదుపరి పరిశీలనకు' అని రాసి సంతకం పెట్టారు. ఆ మాట రాసిన ఫైలు మళ్ళీ పైకి తేలగా చూసినవాళ్ళు ఆ సంస్థలో ఎవరూ లేరు. మర్నాడు మొదటి బస్సుకే ఆయన కొండ దిగిపోయారు.

కూర్మనాథం మంచాలు మళ్ళీ బిగించుకున్నాడు. బెల్లులు పెట్టించాడు. రగ్గులు డాబా ఎక్కాయి. సంక్రాంతి సెలవులకైనా నాలుగు గదులు నిండితే చాలనుకుంటూ ఉండగా కేంద్ర కార్యాలయం నుంచి కవరొచ్చింది. గవరమ్మ తడిచేతులు తుడుచుకుంటూ వచ్చి పక్కన నిలబడింది. ఆయన పైకి చదివాడు.

"తుమ్మెదకొండ హుండీ లెక్కింపు సందర్భముగా, 'నన్ను మనిషిగా చూడండి' అను చీటీ లభ్యమైనది. దీనిపై పాలకమండలి కూలంకషముగా చర్చించి, దైవసమాన సేవా విధానమును రద్దుపరచి, ఇకమీదట అతిథులను మనుషులుగా మాత్రమే చూడవలెనని తీర్మానించినది. మనుషులను రేయింబవళ్ళు కనిపెట్టి చూచుటలో విశేష అనుభవము గల విశ్రాంత జైలు సూపరింటెండెంటు గారిని ప్రత్యేకాధికారిగా నియమించడమైనది. వారు వచ్చులోపల గదుల గడియలను బయటివైపునకు మార్పించవలెను."

గవరమ్మ చేతులు తుడుచుకోవడం మానేసింది. "ఇప్పుడేటి బాబు మన గతి?"

కూర్మనాథం కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆయన మొహంలో, చాలా రోజుల తరవాత, దిగులు కనిపించలేదు.

"బియ్యం నానబెట్టు గవరమ్మా," అన్నాడు. "జైల్లోనైతే తిండి పెడతారు."